డీవీఆర్‌కి లైఫ్‌టైమ్ సబ్‌స్క్రిప్షన్ గిట్టుబాటేనా? కట్టేముందు వేసుకోవాల్సిన లెక్క

నెలకి ఏడు డాలర్లో పదిహేను డాలర్లో కార్డు మీంచి పోతూ ఉంటే పెద్దగా పట్టించుకోం. అదే కంపెనీ "ఒకేసారి 250 కట్టేయండి, ఇక బిల్లే రాదు" అనగానే చెయ్యి ఆగుతుంది. అమెరికాలో డీవీఆర్‌ల విషయంలో, అంటే టీవీ కార్యక్రమాల్ని డిస్క్ మీద రికార్డ్ చేసుకునే పెట్టెల విషయంలో, ఈ బేరం పాతికేళ్లకి పైగా నడుస్తోంది. టీవో కంపెనీ 1999లో మొదటి పెట్టెలు అమ్మినప్పుడు లైఫ్‌టైమ్ 199 డాలర్లు. తర్వాత 249 అయింది, 299 అయింది. 2006లో కొన్నాళ్లు అమ్మడమే మానేసి, మళ్లీ తెచ్చి 399, 499 చేశారు. 2015లో బోల్ట్ మోడల్‌తో దాని పేరు 'ఆల్ ఇన్ ప్లాన్' అని మార్చి 599 దాకా తీసుకెళ్లారు. 2019లో ఎడ్జ్ మోడల్ వచ్చినప్పుడు యాంటెనా మోడల్‌కి 249.99, కేబుల్ మోడల్‌కి 549.99 పెట్టారు.

2025 అక్టోబర్ నుంచి టీవో ఎడ్జ్ పెట్టెలు అమ్మడం ఆపేసింది. అయినా ఈ ప్రశ్న పోలేదు. ఇంట్లో టీవో ఉండి నెలనెలా కడుతున్నవాళ్లున్నారు. సెకండ్‌హ్యాండ్‌లో 'లైఫ్‌టైమ్ ఉంది' అని రాసిన పెట్టెని చూసి ఆశపడేవాళ్లున్నారు. సొంత కంప్యూటర్‌లో ప్లెక్స్ లాంటి సాఫ్ట్‌వేర్ పెట్టుకుని దాని లైఫ్‌టైమ్ పాస్ కొందామా అనుకునేవాళ్లున్నారు. ముగ్గురికీ లెక్క ఒకటే. అంకెలు వేరు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఈ బేరంలో బాగుపడ్డవాళ్లు దాదాపు అందరూ ఆ మోడల్ కొత్తగా వచ్చినప్పుడు కట్టినవాళ్లే. మోడల్ ముసలిదయ్యాక కట్టినవాళ్లకి డబ్బు వెనక్కి రావడం అదృష్టం మీద ఆధారపడింది. అందుకే కింది లెక్కలన్నీ వేసి చూసినా, "ఈ పెట్టె ఎప్పుడు పుట్టింది?" అన్న ప్రశ్నకి కాస్త ఎక్కువ మార్కులు వెయ్యండి.

1. ఆ డబ్బు దేనికి కడుతున్నారో తెలుసుకోండి

పెట్టెలో చానళ్లు పట్టే ట్యూనర్ మీదే, హార్డ్ డిస్క్ మీదే. యాంటెనాతో వచ్చే ఏబీసీ, సీబీఎస్, ఎన్‌బీసీ, ఫాక్స్, పీబీఎస్ ఎలాగూ ఉచితం. సబ్‌స్క్రిప్షన్ డబ్బు ప్రధానంగా పోయేది ప్రోగ్రామ్ గైడ్‌కి. రాబోయే రెండు వారాల్లో ఏ చానల్‌లో ఎన్ని గంటలకి ఏం వస్తుందో చెప్పే జాబితా అది. 'ఈ సీరియల్ కొత్త ఎపిసోడ్ వస్తే చాలు, రికార్డ్ చెయ్యి' అనే సదుపాయం దాని మీదే నిలబడి ఉంది. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు, యాడ్స్ దాటించే బటన్ లాంటివి ఆ తర్వాత.

కట్టకపోతే ఏమవుతుందన్నది కంపెనీని బట్టి ఉంటుంది. ఈ కాలపు టీవో అయితే పాత రికార్డింగులు చూడొచ్చు గానీ, కొత్తవి చెయ్యదు. అంటే సబ్‌స్క్రిప్షన్ లేని టీవోకి పెట్టెగా విలువ లేనట్టే. టాబ్లో అనే ఇంకో యాంటెనా డీవీఆర్ ఉంది, దాని పాత మోడళ్లు అలా కాదు. డబ్బు కట్టకపోయినా ఒక రోజు గైడ్ ఇచ్చేవి, టైము, చానల్ మనమే సెట్ చేసి రికార్డ్ చేసుకోవచ్చు. ప్లెక్స్‌లో లైవ్ టీవీ రికార్డింగ్ కావాలంటే పాస్ ఉండాల్సిందే.

కట్టకపోయినా కుంటుకుంటూ నడిచే రకమైతే ముందు ఒకటి రెండు నెలలు అలాగే వాడి చూడండి. చాలామంది ఇళ్లలో రికార్డ్ అయ్యేది వారానికి ఒక ఫుట్‌బాల్ మ్యాచ్, రాత్రి వార్తలు, పిల్లల కార్యక్రమం ఒకటి. ఆ మాత్రానికి చేత్తో టైము సెట్ చేసుకోవడం పెద్ద పని కాదు.

2. లైఫ్‌టైమ్ ఎవరి పేరు మీద ఉంటుందో చూడండి

అసలు గొడవంతా ఇక్కడే ఉంది. టీవో లైఫ్‌టైమ్ మనిషికి రాదు, పెట్టెకి వస్తుంది. ప్రతి పెట్టెకీ ఒక టీవో సర్వీస్ నంబర్ ఉంటుంది. మీరు కట్టిన డబ్బు ఆ నంబర్‌కి అతుక్కుంటుంది. పెట్టె అమ్మేస్తే లైఫ్‌టైమ్ కొన్నవాళ్లకి వెళ్తుంది. మీరు కొత్త మోడల్ కొంటే పాతదాని లైఫ్‌టైమ్ దానికి రాదు. కొన్ని ప్రత్యేక ఆఫర్లలో ఫీజు తీసుకుని బదిలీ చేసిన సందర్భాలున్నాయి, వారంటీలో పెట్టె మార్చి ఇస్తే కొత్త పెట్టెకి మారుస్తారు. అంతకు మించి ఆశపెట్టుకోవద్దు.

టాబ్లో పాత మోడళ్లకి అమ్మిన లైఫ్‌టైమ్ అకౌంట్‌కి వచ్చేది. 149.99 డాలర్లు ఒకసారి కడితే ఆ అకౌంట్‌లో ఉన్న పాత తరం టాబ్లోలన్నిటికీ చెల్లుతుంది. ప్లెక్స్ లైఫ్‌టైమ్ కూడా అకౌంట్‌దే. కంప్యూటర్ పాడైతే ఇంకోటి కొని అదే అకౌంట్‌తో లాగిన్ అయితే సరిపోతుంది.

పెట్టెకి వచ్చే రకమైతే ఒక లాభం ఉంది: అమ్ముకోవచ్చు. అకౌంట్‌కి వచ్చే రకంలో ఆ వీలు ఉండదు, కానీ పెట్టె పాడైందని టెన్షన్ ఉండదు. మీ ఇంట్లో రెండు మూడు టీవీలకి వేర్వేరు రికార్డర్లు ఉంటే పెట్టెకి వచ్చే రకం ఒక్కోదానికీ విడిగా కట్టాలని గుర్తుంచుకోండి. టీవోలో దీనికి మినీ అనే చిన్న పెట్టె ఉంది. మొదట్లో దానికీ విడిగా సర్వీస్ ఫీజు ఉండేది, తర్వాత ఎత్తేశారు. మెయిన్ పెట్టె ఒకటి, మిగతా గదులకి మినీలు పెట్టుకుంటే ఒక్క లైఫ్‌టైమ్‌తో ఇల్లంతా గడిచిపోతుంది.

3. మీరు చూసేది ఈ పెట్టెలోకి వస్తుందా?

తెలుగు ఇళ్లలో చాలామంది ఈ ప్రశ్న దాటేసి నేరుగా డబ్బు లెక్కకి వెళ్లిపోతారు. అమెరికాలో మన తెలుగు చానళ్లు ఎక్కువగా ఇంటర్నెట్ మీద వచ్చే ప్యాకేజీల్లో ఉంటాయి. అత్తగారు రాత్రి చూసే సీరియల్, మామగారి వార్తా చర్చలు అన్నీ యాప్‌లోనే. యాంటెనాకో కేబుల్ తీగకో తగిలించిన డీవీఆర్ వాటిని రికార్డ్ చెయ్యలేదు. టీవోలో కొన్ని యాప్‌లు ఉంటాయి గానీ, యాప్‌లో వచ్చేదాన్ని డిస్క్ మీదకి దించదు. కాబట్టి 'అమ్మావాళ్లు వస్తున్నారు, సీరియళ్లు రికార్డ్ చేసుకుందాం' అన్న ఆలోచనతో లైఫ్‌టైమ్ కట్టేట్టయితే ఇక్కడే ఆగిపోండి. క్రికెట్ కూడా అంతే. విల్లో చానల్ మీ కేబుల్ ప్యాకేజీలో ఉండి, మీ డీవీఆర్ కేబుల్‌కార్డ్‌తో (కేబుల్ చానళ్ల తాళం తీయడానికి కేబుల్ కంపెనీ ఇచ్చే కార్డు) పనిచేసేదైతే రికార్డ్ అవుతుంది. యాప్‌లో చూసేవాళ్లకి అవ్వదు.

ఒక వారం పాటు ఇంట్లో టీవీ మీద నడిచినవన్నీ ఒక కాగితం మీద రాయండి. ప్రతిదాని పక్కన యాంటెనా, కేబుల్, యాప్ అని మూడిట్లో ఒకటి రాయండి. యాంటెనా, కేబుల్ అని రాసినవి సగానికి తక్కువుంటే లైఫ్‌టైమ్ మాట మర్చిపోవచ్చు. నెలవారీ కూడా అవసరమా అని ఆలోచించాలి.

ఊరు మారే అవకాశం ఎంత? ఉద్యోగాలు మారుతూ డల్లాస్ నుంచి న్యూజెర్సీకి, అక్కణ్ణుంచి సియాటిల్‌కి తిరిగేవాళ్లం మనం. యాంటెనా పెట్టెకి ఇబ్బంది లేదు. కొత్త జిప్ కోడ్ ఇచ్చి చానళ్లు మళ్లీ స్కాన్ చేస్తే అక్కడి గైడ్ వస్తుంది. కానీ అపార్ట్‌మెంట్‌లో టవర్ల వైపు కిటికీ లేకపోతే సిగ్నలే రాకపోవచ్చు. కేబుల్ పెట్టె అయితే కొత్త ఊళ్లో ఉన్న కంపెనీ కేబుల్‌కార్డ్ ఇస్తుందా లేదా అన్నదాని మీద ఉంటుంది. ఇక ఇండియా వెళ్లిపోయే ఆలోచన ఉంటే ఈ పెట్టెని సామాన్లలో పెట్టుకోవద్దు. అమెరికా ప్రసారాలు ఏటీఎస్‌సీ పద్ధతివి, ఇండియాలో దూరదర్శన్ డిజిటల్ ప్రసారాలు, డీటీహెచ్ వేరే పద్ధతివి. అక్కడ దానికి గైడ్ రాదు, సిగ్నలూ అందదు. వెళ్లేముందు ఇక్కడే అమ్ముకోండి.

4. గిట్టుబాటు నెల లెక్కకట్టండి

లెక్క సులభం. లైఫ్‌టైమ్ ధరని నెల ధరతో భాగించండి. వచ్చిన అంకె మీ గిట్టుబాటు నెల, అంటే అప్పటిదాకా పెట్టె నడిస్తే అసలు తిరిగొచ్చినట్టు. తర్వాత నుంచి నడిచేదంతా లాభం.

ఎడ్జ్ యాంటెనా మోడల్ వచ్చినప్పటి ధరలతో చూద్దాం. నెలకి 6.99, ఏడాదికి 69.99, లైఫ్‌టైమ్ 249.99. నెలవారీతో పోలిస్తే 36వ నెలలో అసలు వస్తుంది. కేబుల్ మోడల్‌లో నెలకి 14.99, ఏడాదికి 149.99, లైఫ్‌టైమ్ 549.99. ఇక్కడ 37వ నెల.

చాలామంది చూడని విషయం ఏమిటంటే, పోలిక నెలవారీతో కాదు, ఏడాది ప్లాన్‌తో పెట్టాలి. ఎందుకంటే లైఫ్‌టైమ్‌కి 250 తియ్యగలిగినవాళ్లు ఏడాదికి 70 కూడా తియ్యగలరు. ఏడాది ప్లాన్‌తో పోలిస్తే యాంటెనా మోడల్‌కి మూడేళ్లలో అయ్యేది 209.97, నాలుగేళ్లకి 279.96. అంటే అసలు రావడానికి మూడున్నరేళ్లు దాటాలి. కేబుల్‌కీ దాదాపు అంతే: మూడేళ్లకి 449.97, నాలుగేళ్లకి 599.96. అమ్మేవాళ్లు 'మూడేళ్లలో మీ డబ్బు వచ్చేస్తుంది' అని చెప్పేది నెలవారీ లెక్క.

ఇప్పుడు అవతలి వైపు. పెట్టెకి వచ్చే లైఫ్‌టైమ్‌కి అమ్మకపు విలువ ఉంటుంది. మూడేళ్ల తర్వాత లైఫ్‌టైమ్ ఉన్నందువల్ల మీ పెట్టెకి అదనంగా 80 డాలర్లు వస్తాయనుకుందాం. అప్పుడు మీరు నిజంగా ఖర్చుపెట్టింది 170. దాన్ని ఏడాది ధర 69.99తో భాగిస్తే రెండున్నరేళ్ల లోపే గిట్టుబాటు. ఆ 80 అన్న అంకె ఊహించి రాసుకోవద్దు. ఈబేలో అదే మోడల్, లైఫ్‌టైమ్ ఉన్నదీ లేనిదీ, అమ్ముడుపోయిన ధరలు చూడండి. అడుగుతున్న ధరలు కాదు, అమ్ముడుపోయినవి. రెండిటికీ తేడా ఎంతో అంత రాసుకోండి, అందులోంచి మూడేళ్ల ముసలితనానికి సగం తీసేయండి.

ధరలు పెరగడం కూడా లెక్కలోకి వస్తుంది. టీవో నెల ధర మొదట్లో 9.95. అది 12.95కి, తర్వాత 14.99కి పెరిగింది, కొన్ని పెట్టెలకి 19.99 కూడా అయింది. ముందే లైఫ్‌టైమ్ కట్టినవాళ్లకి ఆ పెంపు తగల్లేదు. ప్లెక్స్ విషయంలో ఇది ఇంకా స్పష్టంగా కనిపించింది. 2025 ఏప్రిల్ 29న దాని లైఫ్‌టైమ్ 119.99 నుంచి 249.99కి పెరిగింది. ఏడాది ధర 39.99 నుంచి 69.99 అయింది. పాత ధరల్లో మూడేళ్లకి గిట్టుబాటయ్యేది, అప్పటి కొత్త ధరల్లో మూడున్నరేళ్లు దాటితే గానీ అవ్వదు. పెంచబోతున్నామని కంపెనీ ముందుగానే చెప్పింది కాబట్టి, ఆ గడువులోపు తీసుకున్నవాళ్లు మంచి బేరం చేసినట్టే.

బ్యాంకులో ఆ 250 డాలర్లు పెడితే వచ్చే వడ్డీ సంగతి అడుగుతారు కొందరు. నాలుగు శాతం అనుకున్నా ఏడాదికి పది డాలర్లు. దానికోసం ఎక్సెల్ షీటు తెరవక్కర్లేదు.

నేను పెట్టుకునే హద్దు ఇది: ఏడాది ప్లాన్‌తో పోల్చి, అమ్మకపు విలువ తీసేశాక, మూడేళ్లలో అసలు రాకపోతే వద్దు. మూడేళ్లే ఎందుకంటే, తర్వాతి రెండు భాగాల్లో చెప్పేవి మొదలయ్యేది సరిగ్గా అప్పుడే.

5. పెట్టె ఎన్నాళ్లు నడుస్తుంది?

డీవీఆర్‌లో హార్డ్ డిస్క్ పడేంత కష్టం ఇంట్లో కంప్యూటర్‌లో డిస్క్ పడదు. మీరు ఏమీ రికార్డ్ చెయ్యకపోయినా, లైవ్ టీవీని వెనక్కి తిప్పుకోవడానికి వీలుగా అది ఎప్పుడూ రాస్తూనే ఉంటుంది. ఆపుచేసినట్టు కనిపించే స్టాండ్‌బైలోనూ చాలా పెట్టెల్లో డిస్క్ తిరుగుతూనే ఉంటుంది. అందుకే మూడేళ్లు దాటిన డిస్క్ ఎప్పుడైనా పోవచ్చనుకోవాలి. బొమ్మ మధ్యమధ్యలో ఆగడం, రిమోట్ నొక్కితే ఆలస్యంగా పలకడం, దానంతటదే రీస్టార్ట్ అవడం దాని ముందస్తు లక్షణాలు.

అదృష్టవశాత్తూ లైఫ్‌టైమ్ డిస్క్‌కి కాదు, మదర్‌బోర్డుకి అతుక్కుని ఉంటుంది. డిస్క్ మార్చినా సర్వీసు పోదు. బోల్ట్ కంటే ముందు వచ్చిన టీవో రోమియోలో మామూలు మోడల్, యాంటెనా మోడల్ అయితే మూతతీసి కొత్త 3.5 అంగుళాల డిస్క్ పెట్టి ఆన్ చేస్తే 3 టెరాబైట్ల దాకా అదే ఫార్మాట్ చేసుకుంటుంది. టోర్క్స్ స్క్రూడ్రైవర్ ఉంటే గంటలోపు పని. బోల్ట్, ఎడ్జ్‌లలో ల్యాప్‌టాప్ సైజు 2.5 అంగుళాల డిస్క్ ఉంటుంది. ఇది కాస్త ఖరీదు, వేడికి త్వరగా పోతుంది. కాబట్టి ఆ పెట్టెల్ని టీవీ స్టాండ్ అరలో తలుపులేసి పెట్టకండి. డిస్క్ పెద్దదైతే ఎంత పడుతుందో కూడా తెలిసుండాలి. యాంటెనా హెచ్‌డీ గంటకి సుమారు 6 నుంచి 7 గిగాబైట్లు తింటుంది. 500 గిగాబైట్ల డిస్క్‌లో 75 గంటల దాకా పడుతుంది.

పవర్ అడాప్టర్ పోతే అదే వోల్టేజీ, అదే ఆంపియర్లున్నది కొని పెట్టొచ్చు. మదర్‌బోర్డు పోతే మాత్రం కథ అంతే. వారంటీ అయిపోయి ఉంటే లైఫ్‌టైమ్ దానితో పోతుంది. డిస్క్‌లో ఉన్న రికార్డింగులు కూడా ఆ బోర్డు తాళంతోనే తెరుచుకుంటాయి కాబట్టి అవీ వేరే పెట్టెలో ఆడవు. మెరుపులు ఎక్కువుండే టెక్సాస్, ఫ్లోరిడా వైపు ఉండేవాళ్లు కరెంటు ప్లగ్‌కే కాదు, యాంటెనా తీగకి కూడా సర్జ్ ప్రొటెక్టర్ పెట్టుకోవాలి. ట్యూనర్ కాలిపోయే దారి ఎక్కువగా అదే.

6. కంపెనీ, ప్రసారాల పద్ధతి మారితే?

ఇక్కడ చరిత్ర చాలా నేర్పుతుంది, అయితే అది భయపెట్టే చరిత్ర కాదు. టీవో మొట్టమొదటి తరం పెట్టెలకి గైడ్ ఇవ్వడం 2016 సెప్టెంబర్ 29న ఆపేసింది. లైఫ్‌టైమ్ కట్టాం కదా అని కొందరు గోల చేశారు. ఇంకా వాడుతున్న లైఫ్‌టైమ్ వాళ్లకి కంపెనీ 75 డాలర్ల గిఫ్ట్ కార్డు ఇచ్చింది. కానీ 1999లో 199 కట్టినవాడు 17 ఏళ్లు వాడుకున్నాడు. నెలకి డాలరు కూడా పడలేదు. బ్రిటన్‌లో 2000లో థామ్సన్ పెట్టెలతో టీవో మొదలైంది. నెలకి 10 పౌండ్లు, లైఫ్‌టైమ్ 199. అక్కడ 2011 జూన్ 1న సర్వీసు ఆపేశారు. మొదట్లో కట్టినవాళ్లకి 20 నెలల్లోనే అసలు వచ్చేసింది, ఆ పైన ఎనిమిదేళ్లకి పైగా ఉచితంగా చూశారు. రెండు చోట్లా దెబ్బతిన్నది ఆఖర్లో కొన్నవాళ్లే.

టాబ్లో కథ ఇంకో రకం. ఆ కంపెనీని 2022లో స్క్రిప్స్ అనే టీవీ సంస్థ కొనుక్కుంది. 2023లో నాలుగో తరం పెట్టెని 99.95 డాలర్లకి తెచ్చి, గైడ్‌కి డబ్బే వద్దంది. పాత పెట్టెలు నడుస్తూనే ఉన్నాయి. కానీ 2022లో పాత తరానికి లైఫ్‌టైమ్ కట్టినవాడు, మరుసటి ఏడాది ఆ సేవే కొత్త పెట్టెతో ఉచితంగా రావడం చూశాడు. కంపెనీ మునిగితేనే లైఫ్‌టైమ్ దండగ అనుకుంటాం. కంపెనీ ధర తగ్గించినా దండగే.

టీవో కూడా చేతులు మారింది. 2016లో రోవీ కొన్నది, 2020లో ఎక్స్‌పెరీతో కలిసిపోయింది. పెట్టెల అమ్మకం ఆపేసినా ఉన్నవాటికి సర్వీసు ఇస్తున్నారు. కొత్త పెట్టెలు అమ్మని కంపెనీకి పాత పెట్టెల మీద ఉండే శ్రద్ధ ఏడాదికేడాది తగ్గుతుందే గానీ పెరగదు.

ప్రసారాల సంగతి ఇంతకన్నా ముఖ్యం. 2009 జూన్ 12న అమెరికాలో పెద్ద స్టేషన్లన్నీ అనలాగ్ ప్రసారాలు ఆపేశాయి. ఆ రోజుతో, యాంటెనాతో వాడే పాత టీవోలలో ఉన్న అనలాగ్ ట్యూనర్లకి దాదాపు పని లేకుండా పోయింది. బయట కన్వర్టర్ పెట్టుకుంటే తప్ప యాంటెనాతో పెద్ద స్టేషన్లేవీ రాలేదు. లైఫ్‌టైమ్ ఉంది, గైడ్ వస్తోంది, రికార్డ్ చెయ్యడానికి సిగ్నలే లేదు.

ఇప్పుడు ఆ స్థానంలో ఉన్నది యాంటెనా ప్రసారాల కొత్త పద్ధతి ఏటీఎస్‌సీ 3.0. అమెరికాలో ప్రసారాల్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌సీసీ 2017లో దీన్ని అనుమతించింది, స్టేషన్లు పాత పద్ధతిలో కూడా ప్రసారం చెయ్యాలని షరతు పెట్టింది. ఆ షరతు ఎత్తేయమని ప్రసార సంస్థల సంఘం 2025 ఫిబ్రవరిలో అడిగింది. పెద్ద 55 మార్కెట్లలో 2028 ఫిబ్రవరికల్లా మారిపోవాలన్నది వాళ్ల కోరిక. అదే ఏడాది అక్టోబర్‌లో ఎఫ్‌సీసీ, పాత ప్రసారం ఆపాలా వద్దా అన్నది స్టేషన్లకే వదిలేద్దామనే ప్రతిపాదన ముందుకు తెచ్చింది. టీవో పెట్టెల్లో దేనికీ ఏటీఎస్‌సీ 3.0 ట్యూనర్ లేదు. ట్యూనర్ విడిగా కొనుక్కునే ప్లెక్స్ వాళ్లు కూడా పూర్తిగా గట్టెక్కలేదు. చాలా స్టేషన్లు కొత్త ప్రసారాలకి తాళం వేసి పంపుతున్నాయి, హెచ్‌డీ హోమ్‌రన్ 4కే లాంటి ట్యూనర్లకి ఆ తాళం తెరుచుకోవట్లేదు. అయితే వాళ్ల లైఫ్‌టైమ్ అకౌంట్‌ది కాబట్టి, రేపు ట్యూనర్ మార్చుకుంటే సరిపోవచ్చు. టీవో వాళ్లకి ఆ దారి లేదు.

కేబుల్ వైపు పరిస్థితి ఇంకా బలహీనం. బయటి పెట్టెలకి కేబుల్‌కార్డ్ ఇచ్చి తీరాలన్న నిబంధనలని 2020లో ఎఫ్‌సీసీ ఎత్తేసింది. ఇప్పుడు కార్డు ఇవ్వడం కేబుల్ కంపెనీ ఇష్టం. కేబుల్ మోడల్ డీవీఆర్ ఉన్నవాళ్లు లైఫ్‌టైమ్ గురించి ఆలోచించే ముందు కంపెనీకి ఫోన్ చేసి రెండే ప్రశ్నలు అడగండి: కొత్తగా కార్డు ఇస్తున్నారా? చానళ్లని ఇంటర్నెట్ పద్ధతిలోకి మార్చే ప్లాన్ ఉందా? మొదటిదానికి లేదని గానీ, రెండోదానికి ఉందని గానీ జవాబు వస్తే, లైఫ్‌టైమ్‌కి ఒక్క డాలరు కూడా పెట్టొద్దు.

7. సెకండ్‌హ్యాండ్ పెట్టె అయితే

ఇప్పుడున్న పరిస్థితుల్లో టీవో లైఫ్‌టైమ్ కావాలనుకునేవాళ్లకి నేను చూపించే దారి ఇదే. లైఫ్‌టైమ్ డబ్బు ఇంకెవరో ముందే పెట్టేశారు. ముసలితనం, భయాలు అన్నీ కలిపి మార్కెట్ ధర తగ్గించేసింది. ఆ తగ్గిన ధరనే నెలవారీతో భాగించండి. పన్నెండు నుంచి పద్దెనిమిది నెలల్లో అసలు వచ్చేటట్టుంటే, కొత్త ప్రసారాలు ఎప్పుడొచ్చినా మీకు నష్టం లేదు.

కానీ మోసాలు ఉంటాయి. లైఫ్‌టైమ్ ఉందని అమ్మేవాళ్లకే తెలియకుండా తప్పు చెప్పే సందర్భాలు అంతకంటే ఎక్కువ. డబ్బు కట్టేముందు పెట్టె వెనకున్న టీవో సర్వీస్ నంబర్ ఫొటో, సెట్టింగ్స్‌లో అకౌంట్ సమాచారం పేజీ ఫొటో పంపమనండి. ఆ పేజీలో సర్వీసు రకం 'ప్రాడక్ట్ లైఫ్‌టైమ్' అనో 'ఆల్ ఇన్' అనో కనిపించాలి, రెండు ఫొటోల్లో నంబర్ ఒకటే అయ్యుండాలి. తర్వాత ఆ నంబర్‌తో టీవో కస్టమర్ కేర్‌ని అడగండి: దీనికి లైఫ్‌టైమ్ ఉందా, వేరే పేరు మీదకి మారుతుందా, దీని మీద బాకీ ఏమైనా ఉందా అని. అమ్మే మనిషి తన అకౌంట్‌లోంచి పెట్టెని తీసేస్తేనే మీ అకౌంట్‌లోకి వస్తుంది. అందుకే వెనక్కి ఇచ్చే వీలున్న చోటే కొనండి. రోమియో తరం నాకు ఎక్కువ ఇష్టం. డిస్క్ సులభంగా మారుతుంది, కనీసం నాలుగు ట్యూనర్లుంటాయి, వేడెక్కడం తక్కువ. రిమోట్ లేకుండా వచ్చే పెట్టెకి రిమోట్ ధర కూడా కలిపి చూసుకోండి.

8. ఇక నిర్ణయం

ఇంట్లో ఎడ్జ్ యాంటెనా మోడల్ ఉండి, ఇప్పటికే మూడేళ్లుగా నెలవారీ కడుతున్నవాళ్లు: ఏడాది ప్లాన్‌కి మారండి. ఇప్పటిదాకా కట్టింది ఎలాగూ పోయింది, దాన్ని లెక్కలోకి తేవద్దు. ఇప్పుడు లైఫ్‌టైమ్ కడితే అసలు రావడానికి ఈ రోజు నుంచి ఇంకో మూడున్నరేళ్లు ఆ పెట్టె, ఆ ప్రసారం రెండూ నిలబడాలి. పెద్ద నగరంలో ఉంటే నేను ఆ పందెం కాయను.

కేబుల్ మోడల్ ఉన్నవాళ్లు: నెలవారీలోనే ఉండండి. కార్డు పని మానేసిన రోజు ఆపేయవచ్చు.

కొత్తగా మొదలుపెడుతున్నవాళ్లు, యాంటెనా మాత్రమే, పెద్దగా సాంకేతిక గొడవలు వద్దనుకునేవాళ్లు: సబ్‌స్క్రిప్షనే లేని టాబ్లో నాలుగో తరం ముందు చూడండి. యాడ్స్ దాటించడంలో, మెనూల నాణ్యతలో టీవో సుఖం దీంట్లో లేదు. కానీ పోగొట్టుకునేది ఏమీ లేదు.

ఇంట్లో ఎప్పుడూ ఆన్‌లో ఉండే కంప్యూటరో, నాస్ పెట్టెనో (ఇంటి నెట్‌వర్క్‌లో ఫైళ్లు దాచుకునే డిస్క్ పెట్టె) ఉండి, దాంతో కుస్తీ పట్టడం సరదా అయినవాళ్లకి ప్లెక్స్ లైఫ్‌టైమ్ సబబే. ఊళ్లో తీసుకున్న పెళ్లి వీడియోలు, పిల్లల ఫొటోలు, డీవీడీల నుంచి ఎక్కించుకున్న సినిమాలు కూడా దాంట్లోనే చూసుకుంటారు కాబట్టి, రికార్డింగ్ పోయినా మిగతా సగం మిగులుతుంది. అలా రెండు పనులకి వాడేవాళ్లకి నేను పెట్టిన మూడేళ్ల హద్దుని నాలుగుకి సడలిస్తాను. డబ్బే పెట్టొద్దనుకుంటే ప్లెక్స్ లాంటిదే జెల్లీఫిన్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, అయితే గైడ్ సంగతి మీరే చూసుకోవాలి.

కట్టడానికే నిర్ణయించుకుంటే ఇంకొన్ని చిన్న పనులున్నాయి. ఏడాది ప్లాన్ రెన్యువల్ తేదీకి వారం ముందు కట్టండి, లేకపోతే మిగిలిన నెలల డబ్బు వృథా అయ్యే ప్రమాదం ఉంది. పాత ప్లాన్ ఆటో రెన్యువల్ ఆగిందో లేదో తర్వాతి కార్డు స్టేట్‌మెంట్‌లో చూడండి. అకౌంట్ పేజీలో సర్వీసు రకం మారాక స్క్రీన్‌షాట్ తీసి, రసీదుతోపాటు సర్వీస్ నంబర్ కనిపించేలా మీ ఈమెయిల్‌కి మీరే పంపుకోండి. రేపు పెట్టె అమ్మేటప్పుడు కొనేవాళ్లు మొదట అడిగేది అదే.